రెండో నంబరు బిళ్ళ

ఆ మధ్యాహ్నం వ్యానులో ఉండాల్సింది ఆరుగురం. బాపు, అమ్మ, బాపు తల్లి మా అవ్వ, నేను, చెల్లెలు సునీత, డ్రైవర్ ఖాజా భాయి. మనుషులు కాక వెనుక సీటు మీద చుట్టిన పరుపులు, కిరోసిన్ స్టవ్వు, నీళ్ళ క్యాన్లు, ఒక నైలాను తాడు. డ్రైవర్ సీటు వెనక ఒక చెక్క పలక, దానికి ఆరు మేకులు.

ముందే ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవాణ్ణి. కరెంటు లేని చోట బల్బు వెలిగితే ఎక్కడో తీగ తగిలి ఉంటుందని వెతుకుతాను. ఈ విషయంలో ఆ తీగ నాకు ఇప్పటికీ దొరకలేదు.

తొంభైల మొదట్లో జరిగింది. మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. బాపు భూగర్భ గనిలో సర్దార్. ఒక షిఫ్టులో కింద పనిచేసే మనుషులకు ఆయన జవాబుదారీ. కంపెనీ ఇచ్చే సెలవు ప్రయాణం డబ్బులతో మా లైనులో వాళ్ళందరూ తిరుపతో, కన్యాకుమారో పోయేవారు. బాపు మాత్రం రాజస్థాన్ అన్నాడు. ముందు ఎడారి పార్కు, ఆ తర్వాత ఆబూ కొండ మీది అడవి.

"బతుకంతా నెత్తి మీద కప్పు పెట్టుకొని పని చేసిన. ఒక్కసారన్న అడ్డం లేని జాగ చూడాలె," అన్నాడు.

సునీత బడి సెలవులు మే నెలలో కాబట్టి మే నెలలోనే బయలుదేరాం. నస్పూర్‌లో ఉండే మామ వద్దని చెప్పాడు. "రామగుండం ఎండల బతికెటోళ్ళం బావా, ఎడారి మనల్నేం చేస్తది?" అని బాపు నవ్వాడు. మా ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది. మేము అలవాటు పడింది ఎండకు. గాలికి కాదు.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఒక బిళ్ళ ఉంటుంది. దిగేముందు దాన్ని పైన పలకకు తగిలించి పోతాడు, ఎక్కి వచ్చాక తీసుకుంటాడు. షిఫ్టు ముగిశాక మేకుకు బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. బాపు అదే పద్ధతి వ్యానులో పెట్టాడు. రేకు ముక్కలు కత్తిరించి నంబర్లు కొట్టాడు. ఒకటి తనది, రెండు అమ్మది, మూడు అవ్వది, నాలుగు నాది, ఐదు సునీతది, ఆరు ఖాజా భాయిది. వ్యాను దిగేటప్పుడు బిళ్ళ తగిలించాలి, ఎక్కినప్పుడు తీసుకోవాలి. మేకులన్నీ ఖాళీ అయ్యేదాకా బండి కదలదు.

"బాపూ, ఒంటికి పోయినా పెట్టాల్నా?" అని సునీత అడిగింది.

"పెట్టాలె."

"సర్దార్ సాబ్, మీ ఇంట్ల పుట్టుడు కన్న గనిల దిగుడే నయం," అన్నాడు ఖాజా భాయి.

జైసల్మేర్ దాటి ఎడారి పార్కులోకి వెళ్ళిన రోజు పొద్దున్నుంచి మాకు ఒక్క బండీ ఎదురుపడలేదు. కంకర దారి, తుప్పలు, అక్కడక్కడా మోకాలెత్తు రాతి గోడలు. అలాంటి ఒక గోడ దగ్గర అన్నం తినడానికి ఆగాం. తిన్నాక అమ్మ చెంబు తీసుకుని గోడ అవతలికి వెళ్ళింది. నేను స్టవ్వు సర్దుతున్నాను.

పడమర నుంచి గోధుమరంగు గోడ ఒకటి లేచి రావడం మొదట సునీతే చూసింది. అది మేఘం కాదని మాకు అర్థమయ్యేలోపే గాలి మీద పడింది. ఎవరికి వారు వ్యానులోకి ఉరికి బిళ్ళలు అందుకున్నాం. అద్దాలు ఎత్తేశాం. అయినా సందుల్లోంచి దుమ్ము వచ్చి లోపల చీకటి కమ్మింది. ముఖాలకు తువ్వాళ్ళు, కొంగులు కప్పుకున్నాం. ముందు సీట్లో బాపు, ఖాజా భాయి. మధ్యలో నేను, సునీత. వెనుక సీట్లో పరుపుల పక్కన అవ్వ. ప్రయాణం పడక వాంతులయ్యే అమ్మ ఎప్పుడూ అక్కడే, పరుపులకు ఆనుకుని కొంగు కప్పుకుని పడుకునేది.

ఖాజా భాయి ఇంజను వేశాడు. "సర్దార్ సాబ్, పయ్యలు ఇసుకల దిగుతున్నయ్. ఇంకింత సేపుంటే ఇక్కడ్నే ఉంటం. జల్ది పోవాలె."

బాపు నంబర్లు పిలిచాడు. "రెండు?"

"ఉన్న, పోనియ్యి," అని వెనుక నుంచి పలికింది. అమ్మ గొంతే. కొంచెం విసుగు, కొంచెం నీరసం, రోజూ ఎట్లా పలికేదో అట్లానే.

మూడు అంటే అవ్వ పలికింది. నాలుగుకు నేను, ఐదుకు సునీత, ఆరుకు ఖాజా భాయి. ఖాజా భాయి గేరు వేశాడు.

బాపు పలక మీద చెయ్యి తడిమి, "ఆపు," అన్నాడు. "రెండో బిళ్ళ ఉన్నది."

"అమ్మ పలికింది గద బాపూ. తీసుకునుడు మర్చిపోయింది," అన్నాను నేను.

"చాచీ పలికింది సాబ్, నేను సుత ఇన్న."

"గొంతుకు లెక్క లేదు. బిళ్ళకే లెక్క."

బాపు ఆ బిళ్ళను మేకు నుంచి తీసి నా భుజం మీదుగా వెనక్కి చాపాడు. "లక్ష్మీ, ఇగో తీసుకో."

ఎవరూ తీసుకోలేదు. చెయ్యి అలాగే ఉంది. బండి గాలికి ఊగుతోంది. నేను సీటు మీద మోకాళ్ళూని వెనక్కి వంగి తడిమాను. పరుపు తగిలింది. అవ్వ మోకాలు తగిలింది. ఆ రెండింటి మధ్య సీటు ఖాళీ.

బాపు తాడు ఒక కొస బంపరుకు కట్టమని ఖాజా భాయికి ఇచ్చాడు, ఇంకో కొస తన నడుముకు కట్టుకున్నాడు. తన బిళ్ళ మేకుకు తగిలించి దిగాడు. ఆ తొందరలో కూడా తగిలించాడు. ఎదురుగా రెండు చేతుల దూరం కనపడని దుమ్ములో, గనిలో దీపం ఆరితే పక్కగోడ పట్టుకుని నడిచినట్టు, ఆ రాతి గోడ పట్టుకుని పోయాడు. తాడు నా చేతుల్లోంచి జారుతూ పోయింది. ఒకచోట ఆగింది, పక్కకు తిరిగింది, మళ్ళీ సాగింది. దాదాపు కొస దాకా పోయాక మూడుసార్లు గుంజాడు. నేను, ఖాజా భాయి కలిసి లాగాం.

అమ్మ గోడ వదిలేసి, వ్యాను అటే ఉందనుకుని తప్పు దిక్కుకు నడిచిందట. దారి దొరకక ఒక తుప్ప పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుందట. మేము కదిలి ఉంటే ఆ గాలిలో మా చక్రాల జాడ కూడా ఆమెకు మిగిలేది కాదు.

ఎక్కగానే నీళ్ళు తాగింది. బాపు చేతిలోంచి తన బిళ్ళ తీసుకుంది. అప్పుడు అవ్వ అడిగింది.

"ఇంతసేపు నా పక్కనే ఉంటివి గదనే. నా మోకాలు మీద చెయ్యేసి కూసుంటివి. మల్లెందుకు దిగినవ్?"

ఖాజా భాయి పెదాల మీదే ఏదో చదువుకున్నాడు. సునీత నా చొక్కా వదల్లేదు.

చక్రాల కింద ఇసుక తోడుకుని సాయంత్రానికి బయటపడ్డాం. ఇంటికి పోదామన్నాడు బాపు. అమ్మ ఒప్పుకోలేదు. "ఎడారి నన్ను చూసింది, చాలు. కొండను నేను చూడాలె. పోనియ్యి," అంది. ఆ మాట వినగానే మేమందరం ఒకేసారి ఆమె ముఖం చూశాం. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

ఆబూ అడవిలో నేను పరీక్షలు చేశాను. అమ్మను తాడంత దూరంలో నిలబెట్టి, అద్దాలు ఎత్తి, గట్టిగా పిలవమన్నాను. గాలి లేని రోజు కూడా ఆ గొంతు సన్నగా, బయటి నుంచి వచ్చినట్టే వినపడింది. వెనుక సీటు నుంచి కాదు. అసలు ఆ గాలిలో నోరే తెరవలేదని అమ్మ చెప్పింది. సునీత అల్లరి చేసిందేమో అనుకున్నాను, కాని అది నా ఒళ్ళోనే ముఖం దాచుకుని ఉంది. అవ్వ గొంతు బొంగురు. అలవాటు కొద్దీ మాకు వినపడినట్టు అనిపించిందేమో అనుకుని ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. అందరూ చెప్పింది ఆ రెండు మాటలే. గాలికి 'పోనియ్యి' అనడం రాదు.

చివరికి బాపును అడిగాను. కొండ అంచున నిలబడి కింద లోయ చూస్తున్నాడు.

"గని లోపల సుత అప్పుడప్పుడు గిట్లనే పలుకుతది," అన్నాడు. "అందుకే బిళ్ళలు పెట్టిన్రు."

నేను కూడా తర్వాత గనిలో చేరాను, చాలా షిఫ్టులు చేశాను, ఎవరినీ మళ్ళీ అడగలేదు. నాకు తెలిసినంత మాత్రం ఇది. బాపు పిలిచింది ఐదు నంబర్లు. పలికినవి ఐదు గొంతులు. బాపు కాక వ్యానులో ఉన్నది నలుగురు.