మీనాకుమారి నీటి మీద లేచిన చలికాలం

ఖరగ్‌పూర్ రైల్వే ఈతకొలనులో మీనాకుమారి చేతుల మీదుగా ఈత నేర్చుకున్న పిల్లలు చాలామందే ఉన్నారు. రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ కూలీగా చేరడానికి పలాస వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. తాత, తండ్రి ఇద్దరూ అక్కడే పనిచేసి పోయారు. ఆమెకి మాత్రం దొరికింది కొలనులో ఈత నేర్పే కాంట్రాక్టు కొలువు. ఆమెకి ముప్పై దాటిన ఏడాది, కొలను అడుగున పలకలు ఊడిపోతున్నాయని మరమ్మతులకు మూసేశారు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు.

ఊళ్లోనే ఖరిదా పేటలోని ఇంట్లో ఉండేది ముగ్గురే. తల్లి సింహాచలమ్మ, అన్న ఎర్రయ్య, ఆమె. ఎర్రయ్య అప్పటికే భరద్వాజ్ దగ్గర మోటారు పడవ నడుపుతున్నాడు. భరద్వాజ్‌ది హనుమకొండ. ఖరగ్‌పూర్ పక్కనే హిజ్లీలో ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం చేయడం ఇష్టం లేక అక్కడే ఉండిపోయాడు. ఊరికి దగ్గర్లోని కాసాయి నదిలో ఆనకట్టకు ఎగువన నీళ్లు నిలిచే చోట పడవ పెట్టి, సెలవు రోజుల్లో వచ్చేవాళ్లను తిప్పేవాడు. ఆ చలికాలం మొదట్లో గోవా నుంచి ఒక పాత ఫాయిల్ బోర్డు తెచ్చాడు. చూడ్డానికి మామూలు పలకే. కానీ దాని అడుగున నిలువుగా ఒక కడ్డీ, ఆ కడ్డీ చివర చిన్న విమానానికి ఉన్నట్టు రెక్కలు. పడవ తాడుతో లాగుతుంటే ఆ రెక్కలు నీళ్లలోపల ఉండి బోర్డునీ, మనిషినీ నీటిపైకి ఎత్తేస్తాయి.

దాన్ని ఇక్కడివాళ్లెవరైనా నేర్చుకుంటే మిగతావాళ్లకు నేర్పించవచ్చని భరద్వాజ్ ఆలోచన. ఎర్రయ్య చెల్లెలి పేరు చెప్పాడు.

"ఈ వయసులో నీకీ సరదా ఏటే?" అంది సింహాచలమ్మ.

"సరదా కాదమ్మా, పని. కొలను తెరిసేదాకా సేతులు కట్టుకుని కూకోమంటావేటి?"

మొదటిరోజు భరద్వాజ్ ఒడ్డునే బోర్డు తిరగేసి రెక్కల అంచు చూపించాడు. "పడితే దీనికి దూరంగ పడాలె అక్కా. పక్కకు దూకు. బోర్డును పట్టుకోవద్దు. ఇగో, ఇంకోటి. ఇప్పుడే గాలిలకు లేవొద్దు. ముందుకాలి మీద బరువు పెట్టి, బోర్డును నీళ్లకే అంటిపెట్టి ఉంచు. అది వచ్చినంకనే లేచుడు."

హెల్మెట్, ఒళ్లు బిగించి పట్టే లైఫ్‌జాకెట్ వేసుకుని ఆమె నీళ్లలో వెల్లకిలా తేలింది. మోకాళ్లు ముడిచి, పాదాలు బోర్డుకి ఆనించి, తాడు చివరి హ్యాండిల్ పట్టుకుంది. ఎర్రయ్య నెమ్మదిగా లాగాడు. లేవాలని తొందరపడి చేతులతో తాడుని గుంజుకుంది. ముఖం మీద పడింది. మళ్లీ. మళ్లీ. నీళ్లంటే భయం ఎరగని మనిషికి ఆ రోజు ముక్కుల్లోంచి నీళ్లు కారి తల దిమ్మెక్కింది. పడవ లేపినప్పుడు లేవాలి తప్ప తనంతట తను లేవకూడదని తెలుసుకోవడానికి కొన్ని రోజులు పట్టింది.

తర్వాత నిలబడగలిగింది. బోర్డు నీళ్లకు అంటుకుని జారుతుంటే నిటారుగా చూడటం నేర్చుకుంది. ఒకనాడు వెనకకాలి మీద కాస్త బరువు మోపింది. బోర్డు కింద నీళ్ల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. నది ఒక అడుగు కిందకి పోయింది. ఆమె గాలిలో ఉంది.

"లేసినావే సెల్లీ! లేసినావు!" పడవలోంచి ఎర్రయ్య అరిచాడు. నవ్వబోయి ఆమె పక్కకి పడిపోయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి రెండు పళ్లేల అన్నం తింది.

కాసాయి ఇసుక నది. అడుగు ఒకచోట ఉండదు. ఎగువన లారీలకు ఇసుక తవ్వినప్పుడల్లా దిబ్బలు జరుగుతుంటాయి. అందుకే భరద్వాజ్ వెదురుగడతో లోతు చూసి, ఎర్ర డబ్బాలు నీళ్ల మీద తేలేలా కట్టి హద్దు పెట్టేవాడు. రెక్కలకు నడుము లోతు కూడా చాలదని చెప్పేవాడు.

మాఘమాసంలో ఒక ఉదయం నది మధ్యలో జాలర్లు వలలు వేసి ఉన్నారు. భరద్వాజ్ ఒడ్డున ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మీనాకుమారి అప్పటికి చాలాసేపటి నుంచి పడకుండా తేలుతోంది. వలలు తప్పించడానికి ఎర్రయ్య పడవని అవతలి ఒడ్డు వైపు తిప్పాడు. డబ్బాల హద్దు దాటిపోయారు.

రెక్క ఇసుకలో దిగింది. బోర్డు ఠక్కున ఆగింది. ఆమె ముందుకి కూలింది, దూకడానికి వ్యవధి లేదు. తిరగబడిన బోర్డు రెక్క ఎడమ మోకాలి వెనక కోసుకుంటూ పోయింది. ఎర్రయ్య వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె మొలలోతు నీళ్లలో కూర్చుని ఉంది. చుట్టూ నీళ్లు ఎర్రబారుతున్నాయి. అతను చొక్కా చింపి తొడకు బిగించి కట్టి, ఎత్తుకుని ఒడ్డుకు తెచ్చాడు. ఆ కట్టే ప్రాణం నిలబెట్టిందన్నారు డాక్టర్లు.

పాదాన్ని పైకెత్తే నరం తెగిపోయింది. కలకత్తాలో కుట్టారు. కదలిక వస్తే రావచ్చు, ఆగి చూడాలన్నారు. భరద్వాజ్ రోజూ ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన తల వంచుకుని కూర్చునేవాడు. తర్వాత పడవ అమ్మేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. కొన్నాళ్లు ఫోన్ చేశాడు. ఆపైన అదీ లేదు.

ఇంటికి వచ్చాక ఆమె పాదం జారిపోతున్న చెప్పులా వేలాడేది. పాదాన్ని ఎత్తిపట్టే పట్టీ కట్టకుండా నడిస్తే వేళ్లు నేలకు తగిలి పడిపోయేది. చూడవచ్చిన ప్రతివాళ్లూ ఎర్రయ్యతో "నీ తప్పేటుందిరా" అన్నారు. సింహాచలమ్మ కూడా అదే అంది. అతను పొద్దున్నే చెల్లెలి కాలికి పట్టీ కట్టి, ముఖం చూడకుండా బయటికి పోయేవాడు. తిండి తగ్గింది. మాటలూ తగ్గాయి.

వానాకాలంలో ఒక పొద్దున పట్టీ బిగిస్తూ ఆగిపోయాడు.

"డబ్బాలు దాటించింది నానే," అన్నాడు.

తల్లి వంటింట్లోంచి ఏదో అనబోయింది. మీనాకుమారి చేయెత్తి ఆపింది.

"అవునన్నియ్యా. నువ్వే దాటించినావు. నాకప్పుడే తెలిసిపోనాది."

ఎర్రయ్య తలెత్తాడు. ఇన్ని నెలల్లో ఆమె ముఖం చూడటం అదే మొదలు.

"తెలిస్తే మరి హేండిలు వదిలీలేకపోనావా?"

"వదిలీవచ్చు. వదల్లేదు. దిగబుద్ధి కాలేదన్నియ్యా."

ఎర్రయ్య ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు. తను ఏడవలేదు.

ఏడాది దాటినా పాదం లేవలేదు. ఇక లేవదని డాక్టరు చెప్పాడు. కొలను తెరిచారు, కానీ ఆమె స్థానంలో వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. ఇప్పుడు ఆమె ఊరి చివర విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో కూర్చుని ప్లాస్టిక్ మూతలు ఏరే పని చేస్తోంది. ఎర్రయ్య అక్కడే లోడింగ్‌లో చేరాడు. ఇద్దరూ ఒకే స్కూటరు మీద వెళ్లివస్తారు. దారిలో ఈమధ్య కాస్త మాట్లాడుకుంటున్నారు, కూరగాయల గురించో, అమ్మ దగ్గు గురించో. నది మాట మాత్రం ఎత్తరు.