మా కథల మేష్టారి గురక

పెద్దాయన కాబట్టి మేం 'మాంగ్' అని పిలిచే తాక్యోకి ఉన్న జబ్బు ఒక్కటే. ఎదుటివాళ్లు నోరు తెరిచి ఏదైనా చెప్పబోతే చాలు, ఆయన కళ్లు మూసుకుని గురకపెడతాడు. దానిదేముంది, ముసలాయన కదా అనుకునేరు. ఆయన మాకు కథలు చెప్పడం నేర్పే మేష్టారు!

పెళ్లిలో "ఈమెను స్వీకరిస్తున్నావా?" అని ఫాదర్ అడిగితే గురకే వినిపించిందట. అది అంగీకారం కిందే లెక్క అని ఫాదర్ సర్దుకుపోయారని ఆయన భార్యే చెబుతుంది.

మేం తీరంలో చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లం. మా తడికల పక్కనే బొగ్గు రేవు. గాలి ఇటు తిరిగిందంటే చేపలన్నీ నల్లబడతాయి. "ఇవి ఎండబెట్టినవా, పొగబెట్టినవా?" అని బజారులో వెక్కిరింపు. అది చాలదన్నట్టు ఆ బొగ్గుకుప్పను రెండింతలు చేస్తామని రేవువాళ్లు అనుమతి అడిగారు. అదే జరిగితే మా బతుకు బొగ్గే. మునిసిపల్ హాల్లో విచారణ పెట్టారు. "మీ గోడు మీరే చెప్పుకోవాలి" అంటూ మా సంఘంవాళ్లు, ఒకప్పుడు రేడియో నాటకాలాడిన మాంగ్ తాక్యోని మా మీదికి తోలారు.

మొదటిరోజు ముందుగా నేనే లేచాను. "గౌరవనీయులైన అధికారులకు, కాలుష్య నివారణ..."

గుర్ర్ర్.

"మాంగ్! ఇంకా మొదలే పెట్టలేదు!"

"అయిపోయిందనుకున్నానే దీతాస్!" అని ఆవలించాడు. "చూడమ్మా, ఆ కుర్చీలో అధికారి పంది వేపుడుతో భోంచేసి వచ్చి కూర్చుంటాడు. నాకంటే నిద్రమొహం. ముందు నన్ను లేపు, తర్వాత ఆయన్ని లేపుదువుగాని. పొద్దున ఏం చేశావు?"

"చేపలు తుడిచాను."

"ఎలాగ?"

"తడిగుడ్డతో. కళ్ల దగ్గర మసి ఇరుక్కుంటుంది. వేలికి గుడ్డ చుట్టి ఒక్కోదాని కన్నూ తుడవాలి, ఏడ్చిన పిల్లకి తుడిచినట్టు."

ఆయన ఒక కన్ను తెరిచాడు. "అక్కణ్నించి మొదలుపెట్టు" అని మళ్లీ మూసుకున్నాడు. ఇక ఆ కన్నే మాకు బహుమతి. ఇవాళ ఎవరికి తెరుస్తాడా అని పందేలు కాసుకునేవాళ్లం.

ఒక్క ఇస్యాంగ్ విషయంలోనే నాకు ఒళ్లు మండేది. ఆమె తడికలు బొగ్గుని ఆనుకునే ఉంటాయి. చెప్పాల్సింది అందరికంటే ఆమెకే ఎక్కువ. కానీ నలుగురు చూస్తున్నారంటే నోట మాట రాదు, బజారులో బేరం కూడా మొగుడే ఆడాలి. అలాంటి మనిషి వణుక్కుంటూ లేచిందో లేదో, ఈయన కుర్చీలో వాలిపోయేవాడు. ఒక కన్నైనా తెరవడు! పైగా మమ్మల్ని "పోయి కాఫీ కాచండి" అని బయటికి తరిమేవాడు.

"ఆ పిల్లంటే అంత చులకనా?" అని దెప్పాను.

"నిద్ర ఆగదమ్మా, ఏం చెయ్యను" అన్నాడు.

పాపం ఇస్యాంగ్ ఆ నిద్రపోయే మనిషికే రోజూ చెప్పుకునేది.

విచారణ రోజు మావాళ్లు బాగానే చెప్పారు. నా చేపల కళ్ల దగ్గర అధికారి తల కూడా ఎత్తాడు. చివరికి ఇస్యాంగ్ వంతు వచ్చింది. హాలు నిండా జనం, ఎదురుగా రేవు పెద్దలు. నోరు తెరిచింది, మాట లేదు.

"చెప్పేదేం లేకపోతే కూర్చోమ్మా" అన్నాడు అధికారి.

గుర్ర్ర్ర్ర్!

హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో మాంగ్ తాక్యో, నోరు తెరుచుకుని.

"ఎవరయ్యా అది? లేపండి!"

"లేపకండి సార్" అంది ఇస్యాంగ్. గొంతు వచ్చింది! "ఆయన్ని పడుకోనివ్వండి. నేను ఆయనకే చెప్పుకుంటాను. మా పాప చర్చిలో తొలి సత్ప్రసాదం తీసుకునే రోజు, పొద్దున్నే ఉతికి ఆరేశాను... ఆరేశాను..." మళ్లీ తడబడింది.

"గౌను" అంది గురక.

"ఆఁ, గౌను. తెల్లగౌను సార్. వానొస్తుందేమోనని భయపడ్డాను గానీ, బొగ్గొస్తుందనుకోలేదు. వేరేది లేక అదే వేసుకెళ్లింది. ఫాదర్ చూసి, 'ఏమ్మా, ఇవాళ బూడిద బుధవారమా? నుదుటికి బదులు గౌనుకి పూసుకొచ్చావే!' అన్నారు. అందరూ నవ్వారు. పాప కూడా నవ్వింది. ఇంటికొచ్చాక, 'అమ్మా, ఇంకెప్పుడూ నాకు తెల్లది కొనకు' అంది."

అధికారి నవ్వబోయి ఆగిపోయాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. కుప్ప పెంచడానికి వీల్లేదు, ఉన్నదాన్ని కప్పాలి. కూలీలు బొగ్గు మీద బరకాలు కప్పుతుంటే, మేమంతా పంచదార పాకం పట్టిన అరటిపండు వేపుడు తింటూ తమాషా చూశాం. ఇస్యాంగ్ అప్పుడే తీగ మీద తెల్ల దుప్పటి ఆరేసింది.

"మాంగ్, గురకలో గౌను అందించావే! అంటే ఆ పిల్ల చెప్పినన్నాళ్లూ మెలకువగానే ఉన్నావా?" అని అడిగాను.

"నేను కళ్లు తెరిస్తే దాని నోరు మూతపడుతోంది. అందుకని నేనే మూసుకున్నాను."

నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "అయితే నా కథ కూడా మొదటినుంచీ మెలకువగానే విన్నావన్నమాట!"

"లేదమ్మా దీతాస్" అన్నాడు, వేళ్లకంటిన పాకం నాకుతూ. "నీ 'గౌరవనీయులైన'కి మాత్రం నిజంగానే నిద్రపోయాను."