ఎదురుగా చూడని మనిషి

తెనాలిలో నాణేల బాబాయి ఏ నాణేన్నీ ఎదురుగా చూసేవారు కాదు. తన మొహం అందులో పడకుండా పక్కకు ఒరిగి, పైన పేపరు ముక్క పట్టుకుని మెల్లగా ఎత్తేవారు. అక్షరాలు ఎంత ఎత్తు నుంచి నాణెంలో కనిపిస్తే మెరుగు అంత గట్టిదన్నమాట.

నాన్న పోయాక, ఆయన దాచుకున్న అద్దంలాంటి నాణేన్ని నాణ్యత తేల్చి గ్రేడిచ్చే కంపెనీకి పంపిద్దామని రేపల్లె నుంచి తీసుకెళ్లాను. నాన్నను ఎన్నడూ చూడని బాబాయి, పేపరు ఎత్తుతూ, నాణెంలో ఎవరో కనిపించినట్టు ఆగిపోయారు.

"మీ ఇంట్లో కళ్లజోడు ఎవరికమ్మా?"

"నాన్నకుండేదండి."

బాబాయి నాణేన్ని దాని పెట్టెలో ఉంచి మూత వేసేశారు.

"గ్రేడు బాగానే వస్తుందమ్మా. కాకపోతే వాళ్లు దీన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలేస్తారు. ఆయన్ని లోపలే ఉంచి మూసేసినట్టవుద్ది."

పంపలేదు. ఇప్పటికీ ఆ పెట్టె తెరిస్తే నేనూ పక్కకే ఒరుగుతాను. ఎదుటి చోటు నాన్నది.