స్వచ్ఛందంగా

స్వైన్ ఫ్లూ రోజుల్లో, బెంజ్ సర్కిల్ దగ్గర నేను ఆయాగా చేసే ఆసుపత్రిలో టీకా వేయించుకోని వాళ్ళకు డ్యూటీ లేదన్నారు. రెండు వార్డులు తుడిచి, లాగుతున్న కాళ్ళతో వరుసలో నిలబడ్డాను. సిస్టరు సంతకానికి కాగితం ఇచ్చింది. నేను అక్షరాలు నేర్చి అప్పటికి ఏడాదే. కూడబలుక్కుని చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను.

"స్వచ్ఛందంగా అంటే ఏంటండీ?"

"మీ అంతట మీరే ఇష్టపడి అని, ఆయమ్మా."

"ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చా?"

"మానెయ్యొచ్చు, ఉద్యోగం కూడా."

వెనకున్న ఆయా నవ్వింది. "చదువొచ్చాక నీకు డౌట్లు ఎక్కువయ్యాయే! వేలిముద్రప్పుడే నయం, చప్పున కదిలేదానివి."

సూదికి నేను భయపడలేదు. నిజం కాని మాట కింద నా పేరు రాయడానికే చెయ్యి ఆడలేదు. అయినా ఉద్యోగం కావాలి కనుక రాశాను.

"ఏ చేతికి వెయ్యమంటారు?" అంది సిస్టరు. అదొక్కటీ నా ఇష్టానికి వదిలారు.