రజాకారుకు చెంబెడు నీళ్లు

రజాకార్ల కాలం మీది పాత నవలను సినిమా తీస్తుండ్రు, మాటలు నేను రాసిన. డైరెక్టరుతోని కొట్లాడి మా జనగామ మాటల్నే రాసిన. ఆయనది కోస్తా. "ఈ యాసలో ఏడిస్తే జనం నవ్వుతారండీ" అనెటోడు. నాకు ఒళ్లు మండేది. ఏండ్లకేండ్లు మా మాటను కమెడియన్ల నోట్ల పెట్టి నవ్విచ్చింది ఎవలట? ఆఖరికి ఒక్క సీను మీద ఒప్పందమైంది. ఒక తల్లి కొడుకును పట్టుకపోనీకి రజాకారు ఇంటి మీదికొచ్చే సీను మా మాటల పండితె సినిమా అంత గట్లనే. లేకుంటె మొత్తం తిరగరాసుడే.

లింగాల ఘనపూర్ల మా ఇంట్లనే షూటింగు. తల్లి వేషం కట్టే మానుకోట నటికి ఎండదెబ్బ తాకి దవాఖానకు పోయింది. ఇగ ఏంజేస్తం, మా అవ్వను నిలవెట్టినం. నన్ను కన్నతల్లి గద, నా మాట ఇంటదనుకున్న.

రజాకారు వేషం భూపాలపల్లి నుంచి వచ్చిన పంతులన్న కట్టిండు. తుపాకి పట్టుకొని తలుపు తన్ని లోపలికొచ్చిండు. అవ్వ గజగజ వణకాలె, నేను రాసిన పెద్ద డైలాగు చెప్పాలె. ఆమె సక్కగ కుండ కాడికి పోయి, చెంబెడు నీళ్లు ముంచుకొచ్చి ఆయన చేతిల పెట్టింది.

"కట్! అమ్మా, వాడు శత్రువండీ!" అని ఒర్రిండు డైరెక్టరు.

"అయితేంది బిడ్డా? ఎండలవడి వచ్చిండు గద."

మళ్ల తీసినం. మళ్ల చెంబే. అవ్వను పక్కకు గుంజి, "నా ఇజ్జత్ తీస్తున్నవే! వాడు నీ కొడుకును సంపనీకి వచ్చిండే" అన్న.

"ఎందుకన్న రానీ. గడప దాటి వచ్చినోనికి నీళ్లియ్యకపోవుడు మన ఇంటా వంటా లేదు" అన్నది.

అందరు పడి పడి నవ్వుతుండ్రు. పంతులన్న కడుపు నీళ్లతోని గుడగుడమంటుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇదే ఆఖరు. ఆవిడకు తోచినట్టు చేయనివ్వండి" అన్నడు డైరెక్టరు.

ఈసారి పంతులన్న సగం తాగిండు. ఒర్రవలసినోడు మెల్లగ అడిగిండు, "నీ కొడుకును పట్టుకపోతనని ఎరికేనా అవ్వా? ఎరికుండే ఇస్తున్నవా?"

అవ్వ చెంబు అందుకున్నది. నేను రాసింది ఒక్క ముక్క అనలేదు.

"వాడు గూడ గిట్లనే దూపతోని ఎవలింటి ముంగటనో నిలవడి ఉంటడు నాయినా. ఆడ గూడ ఎవలన్న ఇయ్యాలె గద."

ఒక్కలు నవ్వలేదు. డైరెక్టరు కట్ చెప్పుడే మర్చిపోయిండు. కండ్లు తుడుసుకుంట నా దిక్కు తిరిగి, "మొత్తం మీ మాటల్లోనే ఉండనివ్వండి" అన్నడు. నాకు సంబురంతోని కాళ్లు భూమ్మీద ఆగలేదు.

గప్పటికే అవ్వ ఇంకో చెంబు ముంచుకొని డైరెక్టరు కాడికి పోయింది.

"పొద్దటిసంది ఒర్రుతనే ఉన్నవు. జర తాగు బిడ్డా."