యోబు కొన్న రెండో బురుసు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. సిద్దిపేటలో మిషనోళ్ల చిన్న దవాఖాన ఒకటి ఉండేది. పుండ్లు కడిగి కట్లు కట్టే పనికి అందులో యోబు కుదిరాడు. ఇరవై మూడేళ్లవాడు. ఇబ్రహీంపూర్‌లో తోలుపని చేసే ఇంట పుట్టాడు. వాళ్ల వాడకు మంగలి వచ్చేవాడు కాదు, వీళ్లు పోతే ముట్టేవాడు కాదు. ఆదివారం ప్రార్థనకు ముందు మేనమామ బుచ్చయ్య మగవాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టి, చన్నీళ్లు చల్లి గీకేవాడు. మిగిలిన ఆరు రోజులూ ఎవరి గడ్డం వాళ్లది.

దవాఖానలో ఆ లెక్క కుదరలేదు. డాక్టరమ్మ విజయరాణి మొదటిరోజే చెప్పేసింది.

"పుండ్లు కట్టేటోళ్లు రోజూ గడ్డం గీసుకొని రావాలె, యోబూ. గడ్డంల మురికి నిలుస్తది."

పని మానుకుని పోతున్న కాంపౌండరు తన పాత కత్తి ఇచ్చి, నురుగు చేసుకోవడం, కత్తి వాల్చి పట్టుకోవడం చూపించి పోయాడు. నురుగు పూసుకునే బురుసు మాత్రం యోబే కొనుక్కున్నాడు, అంగట్లో చాప పరిచి అద్దాలూ దువ్వెనలూ అమ్మేవాడి దగ్గర. చిన్న కట్టెకు లక్కతో అతికించిన నల్లటి వెంట్రుకలు. నీళ్లలో ముంచితే పచ్చితోలు వాసన కొట్టింది. పుట్టినప్పటి నుంచి ఎరిగిన వాసనే కదా అని పట్టించుకోలేదు.

ఆ బురుసు చెంపలను పీచుతో తోమినట్టు తోమేది. రోజుకు నాలుగైదు వెంట్రుకలు రాలి నురుగులో అతుక్కునేవి. వాటిని ఏరుకుంటూ, గాట్లు పెట్టుకుంటూ మూడు వారాలు గడిపాడు. నాలుగో వారం ఒక పొద్దున ఎడమ దవడ కింద జొన్నగింజంత పొక్కు లేచింది. మర్నాడు చూస్తే చుట్టూ ఎర్రబడింది. నడుమ నల్లగా ఉంది.

యోబు అద్దాన్ని వెలుతురుకు తిప్పి మళ్లీ చూశాడు.

అతనికి పదకొండేళ్లున్నప్పుడు ఊళ్లో ఒక ఎద్దు పొద్దున మేత మేసి మధ్యాహ్నానికి పడి చచ్చింది. తోలు తీయడానికి తండ్రి దుబ్బయ్య పోయాడు. మూడోనాటికి ముంజేతి మీద ఇలాంటి పొక్కే లేచింది. "దోమ కుట్టింది. నొయ్యను గూడ నొయ్యదు" అని నవ్వాడు దుబ్బయ్య. పొక్కు నడుమ బొగ్గులా నల్లబడింది. చెయ్యి భుజం దాకా ఉబ్బింది. చచ్చేదాకా ఆ పుండు మాత్రం నొయ్యలేదు. దొమ్మ సోకిందన్నారు పెద్దలు. పశువులను పట్టే ఆ జబ్బు తోలులో, వెంట్రుకల్లో దాక్కుని మనుషులకు ఎక్కుతుందన్నారు.

యోబు పొక్కు మీద వేలు పెట్టాడు. గట్టిగా నొక్కడానికి ధైర్యం చాలలేదు. నొప్పి లేదని తేలిపోతే?

బురుసును గుడ్డలో చుట్టి, పెంటకుప్ప అవతల గుంత తీసి పూడ్చాడు. బూడిదతో చేతులు మూడుసార్లు తోముకున్నాడు. దవడకు తువ్వాల చుట్టుకుని పనికి పోయాడు. డాక్టరమ్మకు చెబితే పనిలోంచి తీసేస్తుందని ఒక భయం. 'అవును, దొమ్మనే' అంటుందేమోనని దానికి మించిన భయం.  ఉబ్బు కిందికి దిగుతోందా? ఎవరూ చూడనప్పుడు మెడ తడుముకున్నాడు. ఎన్నిసార్లు తడుముకున్నాడో అతనికే తెలియదు.

ఇంటికి రాగానే ఏడు నెలల బిడ్డ పాక్కుంటూ వచ్చింది. యోబు గోడకు జరిగి కూర్చున్నాడు. బిడ్డ మళ్లీ వచ్చింది. మళ్లీ జరిగాడు.

"పోరి రెక్కలు సాపుతుంటే గట్ల జరుగుతవేంది?" అంది భార్య కొమురవ్వ.

"అలిసిన."

"తువ్వాలేంది?"

"పన్ను నొస్తున్నది."

కొమురవ్వ తువ్వాల లాగేసింది. చూసింది. మామ చావు సంగతి అత్త నోట ఆమె ఎన్నిసార్లు వినలేదు! బిడ్డను చటుక్కున ఎత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. ఆ రెండడుగులే యోబు గుండెను పిండేశాయి.

"ఎన్నొద్దులాయె?"

"రెండొద్దులు."

"నొస్తున్నదా?"

"ఎరుక లేదు."

"ఎరుక లేకపోవుడేంది?"

"వొత్తి చూడలే."

 కొమురవ్వ బిడ్డను మంచం మీద పడుకోబెట్టి, మొగుడి దగ్గరికి వచ్చి, బొటనవేలితో పొక్కును కసిగా నొక్కింది.

యోబు కెవ్వున అరిచి ఎగిరిపడ్డాడు. కళ్లలో నీళ్లు చిమ్మాయి. బిడ్డ జడుసుకుని ఏడుపు లంకించుకుంది.

"నొస్తున్నదే! కొమురా, నొస్తున్నది!"

కొమురవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. అంతటితో ఆమె నమ్మలేదు కూడా. బిడ్డను చంకనేసుకుని, మొగుడి రెక్క పట్టుకుని దవాఖానకు నడిపించింది.

విజయరాణి దీపం దగ్గరకు జరిపి చూసింది. పొక్కును అదిమితే చీము వచ్చింది. "కత్తి గాటు చీము పట్టింది. ఎండిన నెత్తురు నల్లగ కనవడుతున్నది. దొమ్మ గాదు" అంది. కొమురవ్వ అక్కడే నేల మీద కూలబడింది. అప్పుడు యోబు బురుసు సంగతంతా చెప్పుకున్నాడు.

"నీ భయం ఉత్తది గాదు, యోబూ" అంది డాక్టరమ్మ. "పోయిన యుద్ధంల సీమదేశంల బురుసుల వల్లనే దొమ్మ సోకి మనుషులు సచ్చిన్రు. శుద్ధి చెయ్యని వెంట్రుకలవి. పూడిస్తే ఆ జబ్బు చావదు. తీసి కాల్చు. మంచిది చూసి కొనుక్కో."

 యోబు కట్టెపుల్లలతో గుంత తవ్వి, గాలికి ఎదురు కాకుండా నిలబడి, బురుసు బూడిదయ్యేదాకా కాల్చాడు.

పుండు మానాక బజారులో నాగేశం దుకాణానికి పోయాడు. అక్కడ మరో భయం కాచుకుని ఉంది. యోబు వాడవాళ్లు మెట్టు కిందే నిలబడాలి. సరుకు ముట్టినందుకు ఒకడు చెంపదెబ్బ తినడం అతను కళ్లారా చూశాడు. ముట్టకుండా బురుసును ఎంచుకోవడమెలా?

నాగేశం మూడు బురుసులు తీసి గద్దె మీద పెట్టాడు. "ఏది గావాలె? చూసి చెప్పు. ముట్టకు."

యోబు మెట్టు కిందే చేతులు కట్టుకున్నాడు. "శావుకారీ, మీరే జర వెంట్రుకలు గుంజి చూడున్రి."

"నేనా? ఏందిరా, నాతోని పని చేపిస్తున్నవ్?"

"కోపం జెయ్యకున్రి. ఖరాబు బురుసుతోని దొమ్మ సోకుతదట. మా డాక్టరమ్మ చెప్పింది."

 నాగేశం మొదటి బురుసు వెంట్రుకలను రెండు వేళ్లతో గుంజాడు. అయిదు వెంట్రుకలు ఊడివచ్చాయి.

"రెండోది అరచేతికి రాయున్రి. గుచ్చుతున్నదా?"

"ముండ్ల లెక్క గుచ్చుతున్నది."

"కొసలు కత్తిరించిన్రు గావచ్చు. జీవి మీద వెంట్రుక కొసకు సన్నబడతది, శావుకారీ. కత్తిరిస్తే మొద్దయితది." తోళ్ల మధ్య పెరిగిన మనిషి చెబుతుంటే నాగేశం కాదనలేదు. మూడోదాన్ని చెప్పకుండానే గుంజాడు, ఏమీ రాలేదు. నీళ్లలో ముంచి అరచేతి మీద తిప్పాడు. మెత్తగా వంగి మళ్లీ నిటారుగా లేచింది. వాసన చూడమంటే చూశాడు. "ఏం వాసన లేదు. డబ్బీ మీద శుద్ధి చేసిందని రాసున్నది" అన్నాడు.

"గదే ఇయ్యున్రి."

నాగేశం దాన్ని పైనుంచి యోబు పట్టిన తువ్వాలలోకి జారవిడిచాడు. మొదటి బురుసును మాత్రం తిరిగి అరలో పెట్టలేదు. అరచేతిని పంచెకు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. "మా మంగలి సామాన్ల పొదిల గిసొంటిదే ఉన్నది" అన్నాడు మెల్లగా, చెంప తడుముకుంటూ.  యోబు దండం పెట్టి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున వేణ్ణీళ్లలో కొత్త బురుసు నానబెట్టాడు. నురుగు తెల్లగా, చిక్కగా లేచింది. చెంపల నిండా పూసుకుని, అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు వెతికాడు. ఒక్క వెంట్రుకా లేదు. అయినా కత్తిని చెంప దాకా తెచ్చి మళ్లీ దించాడు. కొమురవ్వ వచ్చి అద్దం పట్టుకుని నిలబడింది.

"మెల్లగ గియ్యి. దవాఖానకు ఇంకా పొద్దున్నది" అంది.