చూసుకునేదెవరు?

జయరాజు ఊరవతల దళితుల పాలెంలో పుట్టి, మిషన్ బళ్లో చదివి, మునిసిపాలిటీ గుమాస్తా అయ్యాడు. ఇస్త్రీ చొక్కా తొడిగి బజారులో అద్దెకుండేవాడు. పాలెం పేరెత్తితే మాట మార్చేవాడు. మనిషి మంచివాడే, కానీ సిగ్గు ఉంది చూశారూ, అది ఎంత పనైనా చేయిస్తుంది.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఆ పల్నాటి ఊరికి కొళాయిలు వేయాలనుకున్నారు. వాటిని మునిసిపాలిటీ చూసుకోవాలా, గుంటూరు ఇంజనీర్లకు అప్పగించాలా అని కమిటీలో తెగని వాదన. ముందు ఇప్పుడున్న ఏర్పాటేమిటో తేల్చుకురమ్మని జయరాజును వీధివీధికీ పంపారు. కాగితంలో రెండే గళ్లు: నీళ్లెక్కడివి, చూసుకునేదెవరు. ఏ ఏర్పాటూ లేనివాళ్లకే ముందు కొళాయి.

పాలెంలో అతని పెద్దమ్మ ఆరోగ్యమ్మ గడపలో కూర్చుని చెప్పింది.

"ఉన్నదున్నట్టు రాయి నాయనా. పెద్దబావి మనం ముట్టుకోకూడదు. కుండ పెట్టుకోని పొద్దెక్కిందాకా నిలబడతాం. ఎవురన్నా జాలిపడి తోడిపోస్తే తెచ్చుకుంటాం. అదే మన ఏర్పాటు."

ఆ మాట కమిటీలో తానే చదవాలి. తనది పాలెమని వాళ్లకు తెలియక కాదు, తన నోటితో చెప్పడమే చావు. 'పెద్దబావి' అని మొదటి గడిలో, 'మునిసిపాలిటీ' అని రెండో గడిలో రాసేశాడు.

"పాలేనికి బావి ఉందిగా, చూసుకునేది మనమేగా. ఇంకేంది?" అంటూ కమిటీ సభ్యుడు అంకారావు ఎర్ర పెన్సిలుతో పాలెం పేరు కొట్టేశాడు. జయరాజు తర్వాతి వీధి పేరు చదివాడు.

ఊళ్లో చాలా వీధులకు కొళాయిలు వచ్చాయి. అవి అందని వీధులవాళ్లు ఇంకా బావికే వెళ్లేవాళ్లు.

"బాగానే రాశావుగా నాయనా, మన వంతు ఎప్పుడొస్తదో కనుక్కో," అంది ఆరోగ్యమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కుండ తీసుకుని, ఆ ఇస్త్రీ చొక్కాతోనే వెళ్లి, బావికి దూరంగా పాలెం ఆడవాళ్ల వెనక నిలబడ్డాడు. చాలాసేపటికి శేషమ్మ అనే రైతు ఇల్లాలు చేదతో వచ్చి గుర్తుపట్టింది.

"గుమాస్తా బాబూ, ఎవరి కుండది?"

"మాదేనమ్మా. పొయ్యండి."

ఆమె తల వంచుకుని పోసింది. అతను తిన్నగా ఆఫీసుకు వెళ్లి, ఆ పాత కాగితం తీసి, రెండో గడిలోది కొట్టేసి 'పోసేవాళ్ల దయ' అని రాశాడు. కమిటీలో లేచి నిలబడి చదివాడు కూడా. అంకారావు కిటికీలోంచి బయటికి చూశాడు. గొట్టాలు అయిపోయాయన్నారు కమిటీవాళ్లు.

పాలేనికి కొళాయి ఆరేళ్లకు వచ్చింది. మొదటి బిందె జయరాజు చేతికే ఇచ్చారు. ఆరోగ్యమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. ఆ బిందె ఎవరింట్లో దించాలో అతనికి తోచలేదు.